నోటుబుక్కులో మూడో గడి

బ్యాంకులో పనిచేసేవాడికి లెక్కలు రాసే జబ్బు ఇంటికి వచ్చినా వదలదు. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, కరెంటు బిల్లు, చివరికి ఆవకాయ జాడీ ఎప్పుడు తెరిచామో కూడా నా నోటుబుక్కుల్లో ఉంటుంది. మా ఇంటావిడ చూసి నవ్వుతుంది. నవ్వనివ్వండి. కానీ ఇప్పుడు చెప్పబోయే నోటుబుక్కు నవ్వులాటది కాదు. ఎంతో శ్రద్ధగా రాస్తూ, రాయవలసిన అసలు సంగతిని మాత్రం నేను వదిలేసిన నోటుబుక్కు ఇది.

మా చెల్లెలి కూతురికి పదహారో ఏట రోడ్డు ప్రమాదం జరిగింది. ఎడమకాలు మోకాలి కింద తీసేయవలసి వచ్చింది. ఏడాదిన్నర పాటు ఆ పిల్ల మంచానికీ కిటికీకీ మధ్యనే గడిపింది. తర్వాత కృత్రిమ కాలు పెట్టించాం, కాలేజీలో చేరింది, ఎవరో చెబితే షాట్‌పుట్ మొదలుపెట్టింది. ఆ పిల్ల ఆడే తరగతిలో నిలబడి విసరడం ఉండదు. నేలకు గట్టిగా బిగించిన ఇనుప కుర్చీలో కూర్చుని, నడుముకు పట్టీ కట్టుకుని, భుజబలంతో ఇనుప గుండును విసరాలి. ఆదివారం తెల్లవారకముందే నా స్కూటరు మీద మైదానానికి తీసుకుపోయేవాణ్ణి. టేపు పట్టేది నేనే, రాసేదీ నేనే. నోటుబుక్కులో రెండు గడులు గీశాను. ఒకదానిలో తేదీ, రెండోదానిలో దూరం. మూడేళ్ళు తిరిగేసరికి ఆ పిల్ల జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది, జాతీయ పోటీల్లో ఆడింది.

ఇదంతా ఆ పిల్ల ఒప్పుకున్న మీదటే రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

2024 ఉగాదికి మనవాళ్ళందరం చేరినప్పుడు ఆ పిల్లకు శాలువా కప్పాం. మైకు పట్టుకున్నది నేనే. "కాలు పోయినా కన్నీరు కార్చని పిల్ల, మనందరికీ స్ఫూర్తి" అన్నాను. చప్పట్లు మోగాయి. ఉగాది పచ్చడి పంచుతున్న ఒక పెద్దమ్మ గడ్డం పుణికి, "నీకేంది తల్లీ, నీది గట్టి గుండె" అంది. ఆ పిల్ల నవ్వింది. ఆ నవ్వు వెనక ఏముందో నాకు ఏడు నెలల తర్వాత గాని తెలియలేదు.

ఆ సంవత్సరమే పారిస్‌లో పారాలింపిక్స్ జరిగాయి. ఆగస్టు 28 రాత్రి ప్రారంభోత్సవం చూడటానికి మా ఇంటిల్లిపాదీ మేలుకుని కూర్చున్నాం. కారణం మీకు తెలిసే ఉంటుంది. మన దేశపు జెండా పట్టుకున్న ఇద్దరిలో ఒకరు జావెలిన్ వీరుడు సుమిత్ అంతిల్ అయితే, రెండోవారు మన నాందేడ్ జిల్లా ఆడపడుచు భాగ్యశ్రీ జాధవ్. ఆమెది ముఖేడ్ తాలూకాలోని హోన్‌వడజ్ గ్రామం. 2006లో జరిగిన ఒక ఘటన తర్వాత ఆమెకు కాళ్ళు పనిచేయకుండా పోయాయి. దిగులులో కూరుకుపోయింది. ఇంటివాళ్ళూ స్నేహితులూ వెన్నుతట్టి ఆటల వైపు నడిపించారు. 2017లో పూణెలో మేయర్ కప్ పోటీలతో మొదలుపెట్టింది. 2021లో టోక్యోలో ఏడో స్థానం, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా పారా క్రీడల్లో రజతం, 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పోటీల్లో మరో రజతం సాధించింది. పారిస్‌లో 7.28 మీటర్లు విసిరి ఐదో స్థానంలో నిలిచింది.

ఆ రాత్రి జెండా కనబడగానే మేమంతా లేచి చప్పట్లు కొట్టాం. మా మేనకోడలు మాత్రం టీవీ వైపే చూస్తూ, "ఆమెకు మస్తు దిగులు ఉండె అని పేపర్ల రాసిండ్రు గదా మామా. ఆ దిగులు మళ్ళ రాదా?" అని అడిగింది. "పిచ్చిదానా, జెండా పట్టుకున్న మనిషికి దిగులేంది?" అన్నాను. తన సంగతే అడుగుతున్నదని నాకు తట్టలేదు.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నా నోటుబుక్కు చూస్తే ఎవరైనా మురిసిపోతారు. ఆదివారం ఆదివారానికీ దూరం పెరుగుతూ వచ్చింది. ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి ఆ పేజీలు చూపించి గొప్పలు కూడా చెప్పుకున్నాను.

నవంబరులో ఒక రాత్రి మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నా, నువ్వొక్కసారి రా. దీనికేదో మనాది పట్టుకున్నది" అంది. వెళ్ళేసరికి పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కృత్రిమ కాలు ఒరిపిడికి మొండికాలి చివర పుండు పడి చీము పట్టింది. రెండు నెలలుగా దాచిపెట్టింది. తెలిస్తే సెలక్షన్‌కు పంపరని భయం. సరిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తనకే గుర్తులేదు. రాత్రి మూడింటికే లేచి, ఎవరికీ తెలియకుండా చీకట్లో కసరత్తు చేసేదట. నా పుస్తకంలో దూరం పెరగడం వెనక ఉన్న కథ ఇది. ఆ సాయంత్రం తల్లితో ఒక మాట అన్నదట, "రేపు తెల్లారకుంటే మంచిగుండు అనిపిస్తున్నదమ్మా" అని.

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి తేరుకుని, "ఎందుకు చెప్పలేదు బిడ్డా?" అన్నాను.

"మైకుల నువ్వే చెప్పినవ్ గదా మామా, కన్నీరు కార్చని పిల్ల అని. ఇంక ఎట్ల చెప్పాలె?" అంది.

బ్యాంకు మిత్రులకు తర్వాతి ముక్క సులువుగా అర్థమవుతుంది. కొందరి అప్పు ఖాతా కాగితం మీద నిగనిగలాడుతుంటుంది. వాయిదాలు ఠంచనుగా పడుతుంటాయి. లోపలికి వెళ్ళి చూస్తే, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు పుట్టిస్తూ నెట్టుకొస్తుంటారు. దీన్ని మేము 'ఎవర్‌గ్రీనింగ్' అంటాం. ఎండిన కొమ్మకు పచ్చరంగు వేయడం లాంటిదన్నమాట. మా పిల్ల తన నిద్ర దగ్గర, తన ఒంటి దగ్గర అప్పు తెచ్చి నాకు దూరం చూపించింది. ముప్ఫై ఏళ్ళు ఖాతాలు చూసినవాణ్ణి, పడిన వాయిదా చూసి మురిశానే గాని అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగలేదు.

వాయిదా తప్పి 90 రోజులు దాటితే దాన్ని మొండిబాకీల్లో కలుపుతాం. అయితే అంతదాకా ఆగకూడదని రిజర్వు బ్యాంకు 2014 నుంచి ఒక పద్ధతి పెట్టింది. 30 రోజుల లోపు మొదటి మెట్టు, 60 రోజుల దాకా రెండో మెట్టు, 90 రోజుల దాకా మూడో మెట్టు అంటూ, ఇబ్బంది తొలి ఛాయలు కనబడగానే ఆ ఖాతాను వేరే గుర్తించి కనిపెట్టుకుని ఉండాలి. డబ్బుకు ఇంత కాపలా ఉన్నప్పుడు ఆటగాళ్ళ మనసుకు ఎందుకు లేదా అనుకున్నాను. అడిగి, చదివి తెలుసుకుంటే, అలాంటి ఏర్పాటు ఒకటి ఉండనే ఉంది.

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నియమించిన నిపుణులు 2020లో పదహారేళ్ళు దాటిన క్రీడాకారుల కోసం ఒక పరీక్షా పద్ధతి తయారుచేశారు. మొదటి మెట్టులో పదే పది ప్రశ్నలు. తోటివాళ్ళతో ఉండటం కష్టంగా ఉందా, ఊరికే కోపం వస్తున్నదా, గాయం గురించీ ఆట గురించీ ఆలోచన ఆగడం లేదా, సెలక్షన్ ఒత్తిడి భరించలేకుండా ఉందా, ఆట మానేశాక బతుకేమిటని బెంగగా ఉందా, ఇటువంటివి. ఒక్కో జవాబుకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. మొత్తం 17 గాని అంతకు మించి గాని వస్తే నిద్ర, ఆందోళన, దిగులు, మత్తు అలవాట్లు, తిండి గురించి ఇంకా లోతుగా అడుగుతారు. అవసరమైతే డాక్టరు చూస్తారు. ఇది ఒక్కసారి చేసి ఫైలు కట్టేసేది కాదు. సీజను మొదలయ్యే ముందు, మధ్యలో, చివర అడగాలి. గాయమైనా, కారణం తెలియకుండా ఆట దెబ్బతిన్నా, ఇంట్లో కష్టం వచ్చినా మళ్ళీ అడగాలి.

మరి వికలాంగ క్రీడాకారుల సంగతికి వస్తే ఇక్కడొక చిక్కుంది. దాని మూలం తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. 1948లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మాన్ అనే డాక్టరు, యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న 16 మంది స్త్రీ పురుష సైనికులకు విలువిద్య పోటీ పెట్టాడు. అప్పటికి ఆటే వాళ్ళకు వైద్యం. అది పెరిగి పెరిగి 1960లో రోమ్ నగరంలో మొదటి పారాలింపిక్స్ అయింది. పారిస్‌కు వచ్చేసరికి నాలుగువేల పైచిలుకు క్రీడాకారులు వచ్చారు. మన దేశం నుంచి వెళ్ళిన 84 మంది 29 పతకాలు తెచ్చారు. ఇప్పుడది సెలక్షన్లు, ఉద్యోగాలు, నగదు బహుమతులు, పరువు ప్రతిష్ఠలు అన్నీ ముడిపడిన ఆట. కానీ మన తలలో మాత్రం పాత లెక్కే ఉంది. ఆడుతున్నదంటే బాగుపడినట్టే, ఇంక వేరే మందెందుకు అనుకుంటాం. మందే బరువైనప్పుడు ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి?

పైగా అందరి కోసం రాసిన ప్రశ్నల కాగితం వీళ్ళకు అచ్చంగా సరిపోదు. నిద్ర పడుతున్నదా అని అడిగితే మా పిల్ల ఏమని రాయాలి? లేని పాదం నొప్పి పెడుతుందంటుంది. తీసేసిన అవయవం నొప్పి పెట్టడం చాలామందికి ఉండేదేనని డాక్టరు చెప్పాడు. అంటే నిద్రలేమిలో నొప్పి పాలెంత, దిగులు పాలెంత అని ఓపిగ్గా విడదీయాలి. 'కాలు లేదు గదా, మామూలే' అని తోసేస్తే దిగులు కనబడకుండా పోతుంది. చూపు లేని ఆటగాడికి ప్రశ్నలు ఎవరో చదివి వినిపించాలి. ఆ చదివేది కోచ్ అయితే, టీములో ఉంచేదీ తీసేదీ ఆయన మాట మీదే అయితే, జవాబు ఎప్పుడూ 'బాగున్నాను సార్' అనే వస్తుంది. ఇంకొకటి. వైకల్యం ఏ తరగతిదో తేల్చడానికి వీళ్ళు డాక్టర్ల ముందు ఒళ్ళు చూపాలి. ఆ గదిలో తనకు చేతకానిదెంతో చూపాలి, మైదానంలోకి వచ్చి చేతనైనదెంతో చూపాలి. రైల్లో పై బెర్తు వచ్చినా, పోటీల దగ్గర బాత్‌రూము గుమ్మం ఎత్తుగా ఉన్నా అదంతా అదనపు బరువే. దూరం రాసే గడిలో ఇవేవీ పడవు.

మాటలు తక్కువ ఉన్నవాళ్ళ సంగతి మరీ కష్టం. ఇక్కడ మన తెలుగు బిడ్డ దీప్తి జీవంజిని తలుచుకోవాలి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామం. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం. చిన్నప్పుడు ఊళ్ళో పిల్లలు వెక్కిరిస్తే ఇంటికి వచ్చి ఏడ్చేదని, అప్పుడు తీపి అన్నమో, ఒక్కోసారి కోడికూరో వండిపెట్టి ఊరడించేదాన్నని తల్లి ధనలక్ష్మి పత్రికల వాళ్ళకు చెప్పింది. ఏ ప్రశ్నాపత్రమూ లేకుండా బిడ్డ ముఖం చూసి పోల్చుకున్న తల్లి ఆమె. కోచ్ నాగపురి రమేష్ శిక్షణలో ఆ పిల్ల 2024 మే 20న కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి అప్పటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. సెప్టెంబరు 3న పారిస్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. బంగారానికి 55.16. అరసెకను పైచిలుకు తేడా. తిరిగి వచ్చాక తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం, ఉద్యోగం ప్రకటించింది.

ఆమె పోటీపడే తరగతికి ఒక చేదు చరిత్ర ఉంది. 2000లో సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో వైకల్యం లేనివాళ్ళే ఎక్కువమంది ఆడి బంగారం గెలిచారని బయటపడింది. దాంతో మేధో వైకల్యం ఉన్నవాళ్ళకు పారాలింపిక్స్ తలుపులు మూసేశారు. 2004, 2008 పోయాక, 2012 లండన్‌లో గాని మళ్ళీ తెరవలేదు. ఎవరో చేసిన మోసానికి నోరులేని వీళ్ళు శిక్ష అనుభవించారు. ఇప్పుడు నిరూపణ పత్రాలు అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. 'ఇవాళ మనసెలా ఉంది తల్లీ' అని, ఆ బిడ్డకు తెలిసే మాటల్లో, తొందర లేకుండా అడిగేవాళ్ళు కూడా అంతే అవసరం.

ఇక మా ఇంటి సంగతి. ఆ రాత్రే 14416 నెంబరుకు ఫోను చేశాం. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు కట్టనక్కరలేదు, తెలుగు, మరాఠీలతో సహా 20 భాషల్లో సేవ ఉంది. నేను తెలుగు అనబోయాను. పిల్ల మరాఠీ అంది. తర్వాత అడిగితే, "తెలుగుల చెప్తే ఇంట్ల అందరికి చెప్పినట్టుంటది మామా" అంది. పరాయి రాష్ట్రంలో పిల్లల్ని పెంచుతూ, ఇంట్లో తెలుగే మాట్లాడాలని పట్టుబట్టే నాబోటివాళ్ళు ఆ మాట ఒకసారి ఆలోచించుకోవాలి. గుండెలో మాట ఏ భాషలో బయటికొస్తే ఆ భాషలోనే రానివ్వాలి.

మర్నాడు మానసిక వైద్యుడి దగ్గరికి, పుండుకు వేరే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. మూడు నెలలు గుండు ముట్టుకోలేదు. ఆ ఏటి సెలక్షన్ పోయింది. పోతే పోయింది. మందులూ మాటలూ కలిసి మెల్లమెల్లగా నిద్ర తెచ్చాయి. 2025లో మళ్ళీ మైదానానికి వెళ్ళింది. అక్టోబరు నాటి దూరం ఇంకా అందుకోలేదు. అందుకుంటుందో లేదో నేను అడగడం మానేశాను.

నోటుబుక్కు మాత్రం మానలేదు. ఇప్పుడు అందులో మూడో గడి ఉంది. తేదీ, దూరం, మనసు. మూడో గడి నింపేది ఆ పిల్లే, ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసుకుంటుంది. ఐదంటే చాలా భారంగా ఉన్నట్టు. ఇది డాక్టర్ల పరీక్ష కాదు, మా ఇంటి పద్ధతి. నియమాలు కూడా తనే పెట్టింది. పుస్తకం తన దగ్గరే ఉంటుంది. తను చూపిస్తేనే నేను చూడాలి. వరసగా మూడు వారాలు నాలుగో ఐదో పడితే తనే డాక్టరుకు ఫోను చేస్తుంది, తల్లికి చెబుతుంది. ఆ అంకె కోచ్ దాకా పోదు, సెలక్షన్ వాళ్ళ దాకా అసలే పోదు. మొదట్లో నాకు చిన్నతనంగా అనిపించింది. ఖాతా చూడకుండా కాపలా ఏమిటని! తర్వాత అర్థమైంది. బ్యాంకులో ఖాతా చూసేది బ్యాంకు సొమ్ము కాపాడుకోవడానికి. ఇక్కడ సొమ్ము ఆ పిల్లది. తనిఖీ చేసే మామ వస్తున్నాడంటే మళ్ళీ పచ్చరంగు పూసి పెడుతుంది.

మొన్న ఆదివారం తనంతట తానే పుస్తకం తెరిచి చూపించింది. నాలుగు ఉంది. నాకు గుండె ఝల్లుమంది. "భయపడకు మామా, పోయిన వారం గూడ నాలుగే. డాక్టర్‌కు రేపే ఫోన్ చేస్త, వారం దాక ఆగ. నీకు చెప్పాలనిపించింది" అంది. ఆ రోజు టేపు తీయలేదు. ఇద్దరం గట్టు మీద కూర్చుని చాయ్ తాగి వచ్చాం.

మన ఇళ్ళల్లో ఆడే పిల్లలున్నారు, చదివే పిల్లలున్నారు, పైకి ఏ లోటూ కనబడని పిల్లలున్నారు. అందరికీ మార్కుల గడి మనమే గీస్తాం. వచ్చే ఉగాదికి కూడా శాలువా కప్పుదాం, తప్పేమీ లేదు. మైకు మళ్ళీ నాకే ఇస్తే మాత్రం ఎవరి గుండె గట్టిదో చెప్పను. కిందికి దిగి, పక్కన కూర్చుని, "ఎట్లున్నవ్ బిడ్డా?" అని అడుగుతాను. జవాబు వచ్చేదాకా కూర్చుంటాను.